అమ్మ రంగు

ఆవకాయల రోజుల్లో ప్రింటరు గోలేమిటని పేజీ తిప్పెయ్యకండి. మా ఇంట్లో ఆ రెండూ ఒకే బల్ల మీద ఉంటాయి మరి. ఒక పక్క ఖాళీ సీసాలూ, ఆవపిండి డబ్బాలూ. ఇంకో పక్క కంప్యూటరు, దాన్ని ఆనుకుని రంగుల ప్రింటరు. నూజివీడు చుట్టూ మామిడి తోటల మధ్య ఉన్న ఊళ్లలో మాదొకటి. 2022లో మా నూజివీడు కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది గానీ కాయ రుచేం మారలేదు లెండి. వేసవిలో ఆవకాయా, మాగాయా పెట్టి, తెలిసినవాళ్లకీ, వాళ్లకి తెలిసినవాళ్లకీ పంపిస్తుంటాను. సీసాల మీద అంటించే చీటీలు ఇంట్లోనే వేసుకోవచ్చని ఆ ప్రింటరు కొన్నాం. చీటీలతో సరిపెట్టుకునేదాన్నే. ఈ వైశాఖంలో అమ్మ సంవత్సరీకం రావడంతో దాని లోతు తెలుసుకోవలసి వచ్చింది.

ముందు చీటీల సంగతి చెప్పేస్తాను. మొదటి ఏడాది మామూలు జిరాక్సు కాగితం మీద వేసి, కత్తిరించి, బంక రాసి అంటించాను. చూడ్డానికి బాగానే ఉంది. తడి చెయ్యి తగిలితే సిరా కారింది. నూనె తగిలితే కాగితం అప్పడంలా పారదర్శకమైపోయింది. హైదరాబాదు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "మీ సీసా మీద తయారీ తేదీ మూడా, ఎనిమిదా అండీ?" అని అడిగింది. తినే వస్తువు మీద ఆ అనుమానం రాకూడదు కదా! ఫుడ్ లైసెన్సు నంబరులోనే 14 అంకెలుంటాయి, అందులో ఒకటి అలుక్కుపోయినా నంబరు నంబరు కాదు. పైగా మన తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల్లా పుల్లలు కావాయె. సున్నాలూ, మెలికలూ, కింద ఒత్తులూను. చిన్న సైజులో వేసి సిరా కాస్త పాకిందంటే చాలు, 'వ'కీ 'మ'కీ తేడా పోతుంది.

మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాణ్ని అడిగితే, "డ్రైవర్లో సెట్టింగ్ మార్చావా అత్తా?" అన్నాడు. డ్రైవరంటే నాకు మా ట్రాక్టరు తోలే అబ్బాయే గుర్తొచ్చాడు. కాదుట. కంప్యూటరు మాట ప్రింటరుకి అర్థమయ్యేలా చెప్పే చిన్న ప్రోగ్రాముట అది. ప్రింట్ నొక్కేముందు పక్కనే 'ప్రాపర్టీస్' అనో, 'ప్రిఫరెన్సెస్' అనో ఒక మీట ఉంటుంది చూడండి, అది నొక్కితే తెరుచుకుంటుంది. అన్నాళ్లూ నేను దాని జోలికే పోలేదు. మీలో ఎంతమంది పోయారో చెప్పండి?

అందులో 'పేపర్ టైప్' అనో, 'మీడియా టైప్' అనో ఉన్న గడి ముఖ్యం. మా ప్రింటరుకి కళ్లు లేవు. నేను లోపల పెట్టింది జిరాక్సు కాగితమో, నున్నటి ఫొటో కాగితమో దానికి తెలియదు. నేను చెప్పిందే నమ్ముతుంది. మామూలు కాగితం పాత పంచెలాంటిది, చుక్క పడితే పీల్చుకుని చుట్టూ పాకనిస్తుంది. అందుకని 'ప్లెయిన్ పేపర్' అని చెబితే సిరా తగ్గించి వేస్తుంది. ఫొటో కాగితం మీద సన్నటి పూత ఉంటుంది. చుక్కని పడ్డచోటే పట్టి ఉంచుతుంది కాబట్టి దాని మీద సిరా ఎక్కువ వెయ్యొచ్చు, చుక్కలు దగ్గర దగ్గరగా వెయ్యొచ్చు. మామూలు కాగితం పెట్టి ఫొటో పేపరని చెప్పారో, కాగితం తడిసి ముద్దయి, ముడతలు పడి, వెనక్కి కూడా దిగుతుంది. అందరం చేసేది దీనికి తలకిందులు పొరపాటు. ఖరీదైన ఫొటో కాగితం పెట్టి, సెట్టింగు ప్లెయిన్ పేపరు మీదే వదిలేస్తాం. బొమ్మ వెలిసిపోయినట్టు వస్తుంది. "పాడు ప్రింటరు!" అని తిట్టుకుంటాం.

చీటీలకి ఇప్పుడు ఇంక్‌జెట్ స్టిక్కర్ షీట్లు తెచ్చి, దాని అట్ట మీద ఏ సెట్టింగు పెట్టమన్నారో అదే పెడుతున్నాను. క్వాలిటీ 'హై'. కాగితం సైజు A4. మా దాంట్లో మొదట 'లెటర్' అని ఉండేది. అది అమెరికా కొలత, మన A4 కంటే కాస్త వెడల్పు, పొడవు తక్కువ. 'ఫిట్ టు పేజ్' తీసేసి 'యాక్చువల్ సైజ్' పెట్టుకోవాలి. లేకపోతే బొమ్మని అది కాస్త కుదించేసి, చివరి వరసకి వచ్చేసరికి అక్షరాలు స్టిక్కరు దాటి బయట పడతాయి. పైన వెడల్పాటి టేపు అంటిస్తే తడి చేతుల బెంగ ఉండదు. ఎక్కువ చీటీలు కావలసినప్పుడు ఊళ్లో లేజర్ ప్రింటరున్న షాపులో వేయించడమే మేలు, ఆ పొడి సిరా నీళ్లకి కారదు. కానీ మీ దగ్గరున్న ఇంక్‌జెట్ ఫొటో కాగితం మాత్రం ఆ షాపుకి పట్టుకెళ్లకండి. లేజర్ మెషిన్లో కాగితం వేడి రోలరు కిందనుంచి వస్తుంది. పూత కరిగి దానికి అంటుకుందంటే షాపతనికి మీరు మామిడికాయలిచ్చినా కోపం తీరదు.

సరే, అమ్మ సంగతికొస్తాను.

అమ్మది చామనఛాయ. మా నాన్న తోటలు కౌలుకి తీసుకునేవారు. కాయ కోత మొదలైతే అమ్మ పొద్దున్నే తోటలోకి వెళ్లి, సాయంత్రం బండి కదిలాకే ఇంటికొచ్చేది. చిక్కంతో దింపిన కాయని సొన కారకుండా బోర్లించడం, దెబ్బ తగిలినది విడిగా తియ్యడం, గంపలో గడ్డి పరిచి పేర్చడం, అన్నీ తన చేతి మీదే జరగాలి. కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ రంగు గురించి మా ఇంట్లోవాళ్లు అనని మాట లేదుట. నాకు ఊహ తెలిసేసరికి ఆ మాటలకి నవ్వేసేది. నవ్వేదే గాని, ఫొటో అంటే మాత్రం చెట్టు చాటుకి పోయేది. అందుకే ఆవిడవి ఫొటోలు లేవు. పెళ్లిళ్లలో గుంపులో, ఎవరి భుజమో అడ్డొచ్చినవే.

ఒక్కటుంది. 1994 వేసవిలో మా బాబాయి కొత్త కెమెరా తెచ్చి, చెప్పకుండా తీసేశాడు. చిన్న రసాల చెట్టు కింద, తల మీద తెల్ల తువాలు, నడుము దగ్గర పచ్చికాయల గంప, ఎవరినో కేకేస్తున్నట్టు నోరు సగం తెరిచి ఉంటుంది. పోస్టుకార్డు సైజు బొమ్మ. ముప్పై ఏళ్లు ఆల్బంలో ఉండి ఎర్రబారిపోయింది.

సంవత్సరీకానికి ఆ బొమ్మే పెద్దది చేయిద్దామని అన్నయ్య ఒక స్టూడియోకి ఇచ్చాడు. వాళ్లిచ్చిన పటం చూసి నేను మాట్లాడలేకపోయాను. మొహం పాలమీగడలా తెల్లగా ఉంది. నుదుటి మీద గీతలు లేవు. వెనక చెట్టు పోయి నీలం రంగు వచ్చింది. నోరు మూయించేశారు! "బాగానే ఉందిగా, ఎంత తెల్లగా ఉందో చూడు," అన్నాడు అన్నయ్య. వాడి తప్పు కాదు. వాడు ప్రేమతోనే అన్నాడు. కానీ బతికున్నన్నాళ్లూ ఆవిడని ఏ రంగుకి మాటలన్నారో, పోయాక దాన్ని కూడా తుడిచేశామా అనిపించింది నాకు. "ఆ ఫొటో నాకిచ్చెయ్ అన్నయ్యా, నేను వేసి తెస్తాను," అన్నాను. సంవత్సరీకానికి తొమ్మిది రోజులుంది.

ఫొటోని ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపుకుంటే సరిపోతుందనుకోకండి, అది బాగా కుదించేస్తుంది. మా ప్రింటరు మీదే స్కానరుంది. అద్దం మెత్తటి గుడ్డతో తుడిచి, అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేశాను. మూడున్నర అంగుళాల వెడల్పు బొమ్మకి 2100 చుక్కలొచ్చాయి. దాన్ని 8 అంగుళాలకి పెంచితే అంగుళానికి 260 పైచిలుకు. గోడ మీది పటానికి అది చాలు.

మొదటి ప్రింటు, నవ్వకండి, సెట్టింగు మార్చడం మరిచిపోయి వేశాను. సీసాల చీటీల గురించి అంత నేర్చుకున్నదాన్ని! అమ్మ మొహం నిండా ఇసక చల్లినట్టుంది. చీర అంచు నలుపు వేలికి అంటుకుంది. మా ప్రింటర్లో నల్ల సిరా మామూలు కాగితం మీద అక్షరాల కోసం చేసిన రకం, నున్నటి పూతలోకి ఇంకదు. ఫొటో పేపరని చెబితే ఆ నలుపుని పక్కనపెట్టి మిగతా మూడు రంగులూ కలిపి నలుపు తయారుచేసుకుంటుందిట. అందరి ప్రింటర్లూ ఇలాగే ఉండవు, మీది ఎలాంటిదో దాంతో వచ్చిన పుస్తకంలో చూసుకోండి. రెండోది మా వారు కాగితం తిరగేసి పెట్టడంతో పోయింది. సిరా తామరాకు మీద నీళ్లలా నిలిచింది. వేలు కాస్త తడిచేసి కాగితం మూలన ఒత్తితే, ఏ పక్క జిగురుగా అంటుకుంటే అదే అచ్చు వెయ్యాల్సిన పక్క.

మూడోసారి అన్నీ సరిగ్గా పెట్టాను. బొమ్మ నిగనిగలాడుతూ వచ్చింది. చూస్తే, అమ్మ మళ్లీ తెల్లబడింది! ఈసారి ఏ స్టూడియో లేదు. వెతికితే డ్రైవర్లోనే 'ఫొటో ఎన్‌హాన్స్' అని ఒక టిక్కు కనబడింది. మొహం ఎక్కడుందో కనిపెట్టి, నీడలు తీసి, వెలుగు పెంచుతుందిట. మనల్ని అడగదు. దాన్ని తీసేశాను. తీశాక మొహం ముదిరింది గానీ ఎర్రగా, ఇటిక రంగులో వచ్చింది. ఫొటో ప్రోగ్రాములో నేను కొంత రంగు సరిచేశాను, డ్రైవరూ తన లెక్క ప్రకారం మళ్లీ సరిచేసింది. తోడికోడళ్లిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు పప్పులో ఉప్పు వేసినట్టయింది. రంగు బాధ్యత ఎవరో ఒకరికే అప్పజెప్పాలి. నేను డ్రైవరుకే వదిలి, దాన్లో రంగుల మీటలున్న చోట మెజెంటా, అంటే మన రాణీ రంగు, ఒక్కో మెట్టు తగ్గిస్తూ పోయాను. ఈ పరీక్షలు చిన్న 4×6 కార్డుల మీద చెయ్యండి. పెద్ద కాగితాలు తగలేస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అయితే ఎంత తగ్గించాలి? అమ్మ రంగు నాకు గుర్తుందనే అనుకున్నాను. నాలుగు కార్డులు వరసగా పేర్చాక ఏది అమ్మో చెప్పలేకపోయాను. ఏడాదికే మరిచిపోయానా అని ఏడుపొచ్చింది. మా అత్తయ్యగారు వచ్చి, కార్డులు చూసి, లోపలికెళ్లి ఊరగాయకి తెచ్చిన గంపలోంచి చిన్న రసం పచ్చికాయ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. "మీ అమ్మ సంగతి తర్వాత చూద్దువు గాని. గంపలో కాయ రంగు కుదిరిందో లేదో చూడు ముందు," అన్నారు.

కాయా, కార్డులూ పట్టుకుని అరుగు మీదికెళ్లాను. బల్బు వెలుగులో రంగు చూస్తే మోసపోతాం, పగటి వెలుగులో నీడపట్టున చూడాలి. రెండు కార్డుల్లో కాయ గోధుమ రంగుకి దిగింది. ఒకదాన్లో విషంలా పచ్చగా ఉంది. మెజెంటా మూడు మెట్లు తగ్గించినదాన్లో మాత్రం చేతిలో కాయే గంపలో ఉన్నట్టుంది, తల మీద తువాలు తెల్లగా ఉంది. అప్పుడు మొహం చూశాను.

అసలు పటానికి మెరుపు కాగితం వద్దనుకున్నాను. అన్నయ్య ఇంట్లో కిటికీకి ఎదురుగోడ, మెరుపులో మొహం కనబడదు. మ్యాట్ కాగితం తెచ్చి, సెట్టింగు కూడా 'మ్యాట్' కి మార్చి, మళ్లీ ఒక చిన్న పరీక్ష వేసి చూసుకున్నాను. కాగితం మారితే రంగు కాస్త మారుతుంది మరి. దళసరి కాగితం కనక వెనక ట్రే లోంచి పెట్టాను, ముందు ట్రే లో అయితే గుండ్రంగా వంగి రావాలి. 'బోర్డర్‌లెస్' టిక్కు తీసేశాను. అది ఉంటే బొమ్మని కాస్త పెంచి అంచులు కోసేస్తుంది, గంప సగం పోతుంది. వేశాక ఒక రోజంతా విడిగా ఆరబెట్టి, అద్దానికి తగలకుండా మధ్యలో అట్ట చట్రం పెట్టించి పటం కట్టించాను. తగిలితే వానాకాలం చెమ్మకి అద్దానికి అతుక్కుపోతుంది. ఎండ నేరుగా పడే గోడకి ఇలాంటి పటం పెట్టకండి, రంగు వెలుస్తుంది.

సంవత్సరీకం రోజు అన్నయ్య పటం అందుకుని చాలాసేపు ఏమీ అనలేదు. స్టూడియో పటం ఉన్న మేకుకి దీన్ని తగిలించి, దాన్ని లోపల పెట్టాడు.

మా పెద్దమ్మకి ఎనభై దాటాయి, చూపు అంతంతమాత్రం. గోడ దగ్గరికి వచ్చి, కళ్లజోడు సరిచేసుకుని, "ఇంత ఎండలో నిలబెట్టారేమిటే దాన్ని! తువాలు కాస్త ముందుకి లాక్కోమను," అంది.