మంచం మీదే కసరత్తు

డయాలసిస్ మీద బతికేవాళ్లలో కాళ్ల సత్తువ త్వరగా తగ్గిపోతుంది. రక్తంలో పేరుకున్న ఆమ్లం కండను కరిగిస్తుంది, అన్నం సహించదు. యంత్రం మలినాలతో పాటు ప్రతిసారీ కొన్ని గ్రాముల అమైనో ఆమ్లాలనూ లాగేస్తుంది. వారానికి రెండు మూడు సార్లు, సారికి నాలుగు గంటల చొప్పున మంచం మీదే గడుస్తుంది. ఇంటికి చేరాక మిగిలేది నీరసం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ దాకా తెచ్చే మూత్రపిండాల జబ్బు పొలం పనులు చేసుకునేవాళ్లనే ఎక్కువగా పట్టుకుంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఆ కొబ్బరి, జీడితోటల సీమలో, ఒక డయాలసిస్ వార్డులో ఉదయం షిఫ్టు. యంత్రం పెట్టి అరగంట దాటింది. యాభై దాటిన రైతు ఎడమచేతి ఫిస్టులాలో (డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపిన చోట) రెండు సూదులు, ఆ చెయ్యి దిండు మీద కదలకుండా ఉంది. మోకాలి కింద దుప్పటి చుట్ట, చీలమండకు అరకిలో ఇసుక పట్టీ. కాలు మెల్లగా చాపి, కాసేపు నిలిపి, అంతే మెల్లగా దించాలి. "బాబాయ్, ఊపిరి బిగబట్టకు, పైకి లెక్కపెట్టు" అంటాడు టెక్నీషియన్, బీపీ అంకె మీదనుంచి చూపు తిప్పకుండా. పైకి లెక్కపెట్టేవాడు ఊపిరి బిగబట్టలేడు, కిటుకంతా అదే. పది సార్లయ్యాక రెండో కాలు. తేలికైపోతే బరువు పెంచుతారు. పెంచకపోతే అది కాలక్షేపమే.

కసరత్తు మొదటి రెండు గంటల్లోనే ముగియాలి. ఆ తర్వాత ఒంట్లో నీరు బాగా తగ్గి బీపీ పడిపోవచ్చు. ఒక విడత డయాలసిస్ మానేసి వచ్చినా, ఆయాసం, ఛాతీ నొప్పి ఉన్నా, బీపీ అదుపు తప్పినా ఆ రోజుకు వద్దు. సూదులున్న చేతిని కదపకూడదు. ఆ చేతిని ఎప్పుడూ వాడకూడదనేది మాత్రం అపోహ. ఫిస్టులా కొత్తగా వేసినప్పుడు, గాయం మానాక బంతి నొక్కమని డాక్టర్లే చెబుతారు.

జర్మనీలో 21 కేంద్రాల్లో 917 మందితో ఏడాదిపాటు సాగిన అధ్యయనం 2023లో వెలువడింది. నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరన్నది కొలత. డయాలసిస్ వేళ కసరత్తు చేసినవాళ్ల సగటు 16 నుంచి 19కి పెరిగింది. చెయ్యనివాళ్లది 15 కిందికి జారింది. దీనికి ఖరీదైన సామగ్రేమీ అక్కర్లేదు. పక్కన నిలబడి చేయించే మనిషి కావాలి, మన వార్డుల్లో కొరత అక్కడే. టీవీ మాత్రం చాలాచోట్ల ఉంటుంది!

కండ పట్టాలంటే తిండీ ఉండాలి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. భాస్వరం తక్కువగా ఉండే కోడిగుడ్డు తెల్లసొన అందుకు చవకైన దారి. కసరత్తు చేశాక దాహమేస్తే కొబ్బరిబోండం కొట్టించుకోవడం ఆ ఊళ్ల అలవాటు. ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువ, మూత్రపిండాలు పనిచెయ్యని ఒంట్లో అది గుండె లయను చెడగొడుతుంది. అందుకే డాక్టరు చెప్పిన కొలత దాటకుండా రెండు గుక్కల మామూలు నీళ్లే తాగాలి.