మా మామ పనివేళలు

ఉద్యోగస్థుల ఇళ్ళలో గోడగడియారానికి ఉన్న మర్యాద ఇంటి పెద్దకు కూడా ఉండదు. మా యింట్లోనూ అంతే. కళాశాలలో మొదటి గంట కొట్టేసరికి నేను హాజరుపట్టీ తెరవాలి కనుక, పొయ్యి మీది ఉప్మా మొదలు మా అమ్మాయి జడ వరకూ సమస్తమూ ఆ గంటకు లోబడి నడుస్తాయి. సాయంత్రం నాలుగున్నరకు ఇంటికి వస్తే ఇక నా కాలం నాదే. ఇది అందరికీ ఉండేదే గదా అనుకుంటాం. తెలుగు పంతులును కనుక పిల్లలకు ప్రబంధాలలోని సూర్యోదయాలూ చంద్రోదయాలూ చెబుతూ వుంటాను. అవి చెప్పేటప్పుడల్లా నాకు ఒక మనిషి జ్ఞాపకం వస్తాడు. సూర్యుడు ఉదయించినా అస్తమించినా ఆయనకున్న భేదమల్లా లైటు పట్టుకునే మనిషి కావాలా, అక్కర్లేదా అన్నంతవరకే. ఆయన మా మేనమామ.

మామ మైదుకూరులో లారీ మేస్త్రి. మైదుకూరు ఎరుగనివారికి రెండు మాటలు చెప్పాలి. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా కడపకు పోయే దారిని, బద్వేలు నుంచి ప్రొద్దుటూరుకు పోయే దారి అక్కడ దాటుతుంది. నాలుగు దారులు కలిసినచోట ఒక గుడీ, ఒక టీకొట్టూ, ఒక పంచరుకొట్టూ వెలియడం మన దేశాచారం. మామ కొట్టు అంటే నాలుగు గుంజలు, పైన రేకులు, ఒక గాలి యంత్రం, ఒక నీళ్ళతొట్టి. పాత టైరొకటి కొయ్యకు వేలాడదీసి దానిమీద తెల్లరంగుతో ‘రాత్రింబగళ్ళు’ అని రాయించాడు. కొట్టుకు తలుపు లేదు. తలుపు పెట్టించరాదా మామా అని చిన్నప్పుడు అడిగితే, ‘‘మూసేదెప్పుడు అల్లుడా?’’ అన్నాడు.

లారీ పగలు చెడిపోతే పగలు బాగుచేస్తారు, రాత్రి ఎందుకు పని ఉంటుందని మీరనవచ్చు. దానికి కారణం మా సీమ ఎండలే. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడపలలో ఎండ 42, 43 డిగ్రీలు దాటడం వింత కాదు. ఆ ఎండకు కాగిన తారు మీద, పరిమితికి మించిన బరువుతో పరుగెత్తితే టైరు లోపలి గాలి వేడెక్కి, అరిగిన టైరు ఎక్కడో ఒకచోట పేలుతుంది. అందుకని తెలిసిన డ్రైవరు పగలు చెట్టు కింద పడుకుని రాత్రి బండి తీస్తాడు. పైగా పెద్ద వూళ్ళలోకి పగటిపూట లారీలను రానివ్వరు. యజమాని తొందర పెట్టినవాడూ, తెలియనివాడూ మిట్టమధ్యాహ్నం వస్తారు. వెరసి తెలివైనవాడు మామను అర్ధరాత్రి లేపేవాడు. తెలివితక్కువవాడు అన్నం ముందు నుంచి లేపేవాడు. బేతంచెర్ల రాయి, ఎర్రగుంట్ల సిమెంటు అయితే ఒక పూట ఆగినా కొంప మునగదు. కర్నూలు మార్కెట్టు ఉల్లిగడ్డలు (కడప చేరేసరికి అవే ఎర్రగడ్డలవుతాయి) ఆగవు. వాన తుంపర పడిందా, గోతాములలోనే కుళ్ళు మొదలవుతుంది. అప్పుడు డ్రైవరు ముఖం చూస్తే ఎవరూ రేపు రమ్మనలేరు.

పంచరు వేయడమంటే సైకిలు పంచరు మనస్సులో పెట్టుకోకండి. లారీ చక్రం ఇద్దరు మనుషుల బరువు. దాని నట్లు తుప్పుపట్టి బిగుసుకుపోతే, పానాకు మనిషెత్తు ఇనుపగొట్టం తొడిగి, ఆ గొట్టం మీద ఎక్కి నిలబడి గెంతాలి. ట్యూబు ఉన్న పాతరకం చక్రంలో టైరు జారిపోకుండా పట్టి వుంచేది లాకు రింగు అనే ఇనుప వలయం. దాన్ని గడ్డపారతో, సమ్మెటతో వూడదీయడం ఒక ఎత్తు. మళ్ళీ ఎక్కించి గాలి పట్టడం ఇంకొక ఎత్తు. కారు టైరుకు 30, 35 పౌన్ల గాలి చాలు. లారీ టైరుకు 100 పౌన్లకు పైమాటే. రింగు గాడిలో వెంట్రుకవాసి సరిగా కూర్చోకపోయినా, గాలి నిండే వేళకు ఫిరంగి గుండులా లేచి వస్తుంది. అందుకే మామ చక్రం లోనుంచి గడ్డపార దూర్చి, తాను ఎప్పుడూ పక్కకు తిరిగి కూర్చుని గాలి పట్టేవాడు. ఆ దారిలోనే ఇంకో కొట్టులో ఒక కుర్రవాడు ఎదురుగా వంగి చూశాడు. దవడ పగిలింది. వాడు ఆ తరువాత ఎన్నడూ ముద్ద నమిలి తినలేదు.

ఇవన్నీ నాకెలా తెలుసునంటే, వేసవి సెలవులు వచ్చాయంటే నన్ను మామ ఇంటికే పంపేవారు. నా ఉద్యోగం లైటు పట్టుకోవడం. 1994 వేసవిలో అనుకుంటాను, బండలు వేసుకుని పోతున్న లారీకి కమాను కట్టలో పెద్దపట్టీ విరిగింది. బరువు దింపే వీలు లేదు. జాకీలెత్తి, చట్రం కింద కొయ్యదిమ్మెలు పేర్చి, గోనెపట్టా పరుచుకుని మామ దాని కిందికి దూరాడు. ఆ సమయంలో జాకీ జారితే ఏమవుతుందో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు; ఇద్దరమూ మాట్లాడలేదు. సూర్యుడు కుంకి చాలాసేపైనా నేల చల్లారలేదు. తలకిందులుగా చూస్తూ బోల్టులు కోస్తుంటే తుప్పూ మట్టీ కళ్ళలో రాలేవి. రాత్రి పదకొండుకు మా అత్త సంగటీ, చెనిక్కాయల ఊరుబిండీ తీసుకొచ్చింది. మామ చేతులు మోచేతులదాకా గ్రీజు. డీజిలుతో కడుక్కుని, మట్టితో రుద్దుకుని, మళ్ళీ సబ్బుతో రుద్దుకుంటే గాని అన్నం ముట్టరానివి. అంత వ్యవధి ఎక్కడిది? ఆయన లారీ కిందినుంచి తల ఒక్కటే బయటకు పెట్టాడు. అత్త నేలమీద చతికిలబడి ముద్దలు చేసి నోట్లో పెట్టింది. మూడో ముద్దకు దారిమీద మరో లారీ ఆగి హారను కొట్టింది. ‘‘ఉండమని చెప్పుపో, అల్లుడా,’’ అన్నాడు నోట్లో ముద్దతోనే.

ఇక డబ్బు సంగతి. డ్రైవరు చేతిలో డబ్బుండదు. యజమాని ఎక్కడో వుంటాడు. ‘‘తిరిగి వచ్చేటప్పుడు ఇస్తా మేస్త్రీ’’ అన్నది ఆ దారిలో చెల్లే నాణెం. మామ దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. అందులో మనుషుల పేర్లు లేవు, బండ్ల నంబర్లే. నా దస్తూరీ బాగుంటుందని ఆ పుస్తకం నాచేత రాయించేవాడు. కొట్టివేసిన పద్దులు కొన్ని, కొట్టివేయనివి అంతకంటె ఎక్కువ. అయినా తిరుపతిలో నా ఎమ్మే ఫీజు ఆ పుస్తకంలోంచే వచ్చింది.

ఆ తరువాత బళ్ళారి ఇనుపఖనిజం లారీలు వచ్చాయి. ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు దాటి సముద్రం వైపు రాత్రీ పగలూ వరుసకట్టి పోయేవి. 2008లో కృష్ణపట్నం రేవు తెరిచాక రద్దీ ఇంకా హెచ్చింది. మోయలేని బరువులు, రోజుకు ఎన్ని కమాన్లు విరిగేవో లెక్కలేదు. మామ ఇల్లు కట్టింది ఆ సంవత్సరాలలోనే, నిద్ర పోగొట్టుకున్నదీ ఆ సంవత్సరాలలోనే. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్ళారి గనులు ఆపమనగానే దారి ఒక్కసారి నిశ్శబ్దమయింది. అప్పుడైనా నిద్రపోతాడనుకున్నాం. అప్పటికి ఆ అలవాటు పోయింది. సమ్మెట దెబ్బలకూ గాలి యంత్రం రొదకూ చెవులు సగం పోయాయి. నడుము వంగిన చోటే నిలిచిపోయింది.

ఇటువంటివారి పనిగంటలను గురించి చట్టాలు లేవా అని నేనొకసారి వెతికాను. ఉన్నాయి. 1961లో పార్లమెంటు మోటారు రవాణా కార్మికులకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని నిర్ణయించింది. అయితే అది 5 గురు కార్మికులున్న రవాణా సంస్థలకు. 2025 నవంబరు 21న ఆ చట్టాన్ని కలుపుకుని కొత్త కార్మిక స్మృతి అమలుకు వచ్చింది. అందులో సంస్థ అనిపించుకోవాలంటే సాధారణంగా 10 మంది ఉండాలి. మామ కొట్టులో ఉన్నది మామా, ఒక సహాయకుడూ, సెలవుల్లో నేనూ!

సర్కారు కాగితంలో ఆయన వృత్తి ఒక్కసారి మాత్రం కనిపించింది. 2020లో కరోనాకు దేశమంతా తలుపులు మూసిన రోజుల్లో, తలుపులేని మామ కొట్టును కూడా మూయించారు. సరుకుల లారీలను పోనిచ్చారు గాని, అవి ఆగిపోతే చూసే దిక్కు లేదు. ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఉత్తర్వులో, రహదారుల వెంట లారీ మరమ్మతు కొట్లూ, ధాబాలూ తెరవవచ్చునని రాశారు. ఆ వాక్యం నేను ఫోనులో చదివి వినిపిస్తే మామ రెండుసార్లు చదివించుకున్నాడు. దాన్ని అచ్చు తీయించి గుంజకు అతికించుకున్నాడు.

అదే నెల మొదటి తేదీనుంచి బీఎస్-6 బండ్లు వచ్చాయి. వాటిలో తీగలూ సెన్సార్లూ. చెయ్యి పెడితే అద్దం ముందు ఎర్రదీపం వెలుగుతుంది. 2025 అక్టోబరు తరువాత తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ ఉండాలని కూడా కేంద్రం నిర్ణయించింది. డ్రైవర్లకు ఎంతో మేలని మామకు చెప్పాను. ‘‘మంచిదేలే అల్లుడా, పైన కూచునేటోనికి సల్లగుంటాది. కింద పండుకునేటోని సంగతి ఎవురన్నా రాసినారా?’’ అన్నాడు. నేను మాట మార్చాను.

మామ కొడుకు, నాకు బావమరిది, డిప్లొమా చదివి కడపలో ఒక పెద్ద కంపెనీ లారీల వర్క్‌షాపులో చేరాడు. తొమ్మిదికి వేలిముద్ర, ఆరింటికి వేలిముద్ర. బండిని ఎత్తి పట్టే యంత్రముంది, నిలబడి పనిచేస్తాడు. నాకు ఇది చాలా సంతోషంగా వుంది. మామకు మాత్రం అర్థం కాలేదు. ‘‘ఆరు కొడ్తానే ఇప్పిన బండి ఇప్పినట్టే పెట్టి ఇంటికొస్తాడంట. ఆ డ్రైవరు యాడ పండుకోవాల?’’ అని నన్నడిగాడు, చదువుకున్నవాణ్ణి కనుక. కొడుకు మాట్లాడకుండా అన్నం తిన్నాడు, శుభ్రంగా ఉన్న చేత్తో.

మొన్నటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు అందరమూ మిద్దెమీద పడుకున్నాం. రాత్రి ఒంటిగంట దాటాక కొట్టు దగ్గర లారీ ఆగింది. హారను ఒకసారి కొట్టి వూరుకుంది. మామ కదలలేదు, ఆయనకిప్పుడు ఆ చప్పుడు వినపడదు. అత్త లేచి కూర్చుంది, కాని భర్తను లేపలేదు. మళ్ళీ హారను మోగింది. బావమరిది కాసేపు దుప్పటి కిందనే వున్నాడు. తరువాత మెల్లగా మెట్లు దిగిపోయాడు. పానాల సంచీ కోసం చీకట్లో గోడ తడుముతున్న చప్పుడు కింది నుంచి వినిపించింది. తెల్లవారితే తొమ్మిదింటికి వాడు కడపలో ఉండాలి.