కుక్కర్‌కి కొత్త బియ్యం తెలియదు

రైతు సోదరులారా, కోతలవ్వగానే చాలా ఇళ్లల్లో ఒకటే మాట: కరెంట్ కుక్కర్లో కొత్త బియ్యం ముద్దవుతోందని. ఆ మాట మీదే వడ్లన్నీ కళ్లంలోనే అమ్మేసి, కొట్లో పాత బియ్యం బస్తా కొనుక్కుంటున్నారు.

కుక్కర్ చేసే పని ఒక్కటేనండి. నీళ్లున్నంతసేపు గిన్నె అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నీళ్లు ఇగిరిపోగానే వేడి పెరుగుతుంది, మీట టక్కుమని లేస్తుంది. లోపలున్నది కొత్త బియ్యమా, పాత బియ్యమా దానికి తెలియదు.

మా అమ్మ గంజి వార్చేది. ఎసరు ఎక్కువైనా వంచేస్తే సరిపోయేది, ఆ గంజి గేదె కుడితిలోకి పోయేది. కుక్కర్లో వంచడానికి లేదు, పోసిన నీళ్లన్నీ అన్నమే తాగాలి. అందుకే కొలత మనమే మార్చుకోవాలి.

మా ఇంట్లో బీపీటీ 5204 పాత బియ్యమైతే గ్లాసుకి రెండున్నర గ్లాసులు పోస్తాం. కొత్తవైతే గ్లాసున్నర, మహా అయితే గ్లాసుంముప్పావు. నానబెట్టం. మీట లేచాక పది నిమిషాలు మూత తియ్యం.

గ్లాసుడు నీళ్ల కోసం మన చేలో పండిన గింజ వదులుకోకండి. ఈసారి తిండికి నాలుగు బస్తాలు ఉంచుకోండి. మీరు పండించే రకానికి మీ ఇంట్లో కొలతెంతో కూడా చెప్పండి, పదిమందికి పనికొస్తుంది.