చవక మిగ్ మెషిన్ కొనే ముందు

గేటు, గ్రిల్, ఆవుల షెడ్డు పని ఇంట్లోనే చేసుకుంటామని మన టేకల్ పిల్లలు మిగ్ వెల్డింగ్ మెషిన్ అడుగుతున్నారు. మంచిదే. కానీ డబ్బు పోయేది మన పెన్షన్‌లోంచి. మేము తమిళ మీడియంలో చదివి, రైల్వేలో లెక్కలు రాసినవాళ్ళం. లెక్క చూడకుండా సంతకం పెట్టము.

మొదట కరెంటు. ఇంటికి వచ్చేది సింగిల్ ఫేజ్, 230 వోల్టులు. త్రీ ఫేజ్ మెషిన్ ఎంత చవకైనా వద్దు.

తర్వాత డ్యూటీ సైకిల్. డబ్బా మీద 200 ఆంపియర్లు అని ఉంటుంది. ఆ 200 దగ్గర 30 శాతం అంటే, 10 నిమిషాల్లో 3 నిమిషాలే పని, 7 నిమిషాలు చల్లారాలి. 2 ఎం.ఎం. పైపుకు 100 ఆంపియర్లు చాలు. అక్కడ ఎంత శాతమో అడగండి.

మూడోది గ్యాస్. మామూలు వైరుకు సిలిండర్ కావాలి. బయట పెట్టి చేస్తే మన కొండగాలికి గ్యాస్ చెదిరి అతుకులో బొక్కలు పడతాయి. సెల్ఫ్ షీల్డెడ్ ఫ్లక్స్ కోర్ వైరుకు గ్యాస్ అక్కరలేదు. అయితే మెషిన్‌లో ప్లస్, మైనస్ మార్చే వీలుండాలి.

ఏడాదికి రెండుసార్లు లావు యాంగిల్ అతికించేవారికి మామూలు ఆర్క్ మెషినే చాలు. పలుచని పైపు, రేకు పని ఎక్కువుంటేనే మిగ్.

హెల్మెట్, గ్లౌజులు, సరైన ఎర్తింగ్ ఖర్చు కూడా ధరలో కలపండి. అవి కలిపితే చేతికి అందకపోతే, ఇంకో ఆరు నెలలు ఆగుదాం. గేటు ఆగుతుంది, పిల్లల కళ్ళు పోతే రావు.