పులివన్నె మేక

"బాబుకా మేడం?" అన్నాడు హనుమకొండ షోరూం కుర్రాడు.

"కాదు నాయనా, నాకే," అని కొత్త లైసెన్సు చూపించాను.

సుజుకీ జిక్సర్ ఎస్.ఎఫ్. చూపులకి పందేల బండి, గుణం సాధువు. 155 సి.సి., 5 గేర్లు. సీటు ఎత్తు 795 మిల్లీమీటర్లే కనుక నా కాళ్ళు (మునివేళ్ళే అనుకోండి) నేలకానాయి. హ్యాండిలు మీదికి మరీ వంగక్కర్లేదు. నడుంనొప్పి వాళ్ళకి వరమే.

నాన్నగారు చేతక్ స్కూటరు తమ్ముడికి నేర్పిస్తుంటే అరుగుమీద కూర్చుని చూసినదాన్ని నేను. "ఆడపిల్లవి, నీకెందుకే?" అన్నారు.

క్లచ్ వదిలాను. ఠక్కున ఆగిపోయింది. కుర్రాడు నవ్వలేదు, పాపం. రెండోసారి మెల్లిగా వదిలితే కదిలింది. మూడో గేరు దాటకుండా వేయిస్తంభాల గుడిదాకా వెళ్ళొచ్చాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి.

మావారికి ఫోను చేశాను. "వెనక సీటు కాస్త ఎత్తండీ. ఎక్కగలరా?"