నీళ్ల కింది ఊరు, నక్ష మీది ఊరు

మా నాయిన సోలాపూర్ వచ్చేనాటికి ఆయనకు పదహారేండ్లు. ఊరు కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డున, నల్లమల గుట్టలకు ఎదురుగ. "వచ్చే దసరాకు తీసుకపోతరా" అని ఏటేటా చెప్పేటోడు. గిర్నిలో సెలవు దొరకకపోయేది. 1981లో శ్రీశైలం డ్యాము నీళ్లొచ్చినంక ఊరే లేదన్నడు. గుట్టల పక్క ఊరు మొత్తం ఎట్ల మునుగుతది, ఇది కూడా సాకే అని ఒకనాడు మొఖం మీదనే అన్న. ఆయన ఏం మాట్లాడలే. ఇప్పుడు ఆయన లేడు.

పోయిన సంక్రాంతికి మనుమడు పాత నక్ష రంగుల జిరాక్సు తెచ్చిండు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్లది, అంగుళానికి మైలు లెక్క. దేశాన్నంత ముక్కలు చేసి నంబర్లు పెట్టిండ్రు. మన సోలాపూర్ 47 ఓ ముక్కలో ఉంటది, కొల్లాపూర్ 56 ఎల్ లో.

నా చదువు నాలుగో తరగతి. కానీ జకార్డు మగ్గం మీద చద్దర్లు నేసినోణ్ని, డిజైను కాగితం మీద గళ్లు లెక్కపెట్టిన కండ్లాయె, జల్దినే పట్టుకున్నయి. మట్టిరంగు గీతలు గుట్టల ఎత్తు చెప్తయి. ఒక్కో గీత పొడుగునా ఒకటే ఎత్తు, గీతకు గీతకు 50 అడుగుల తేడా. పన్నెలో పోగుల లెక్క గీతలు ఒత్తుగ ఉంటే నిటారు గుట్ట, ఎడంగ ఉంటే చదును. మా ఊరి చుట్టు అన్నీ ఎడం గీతలే. ఊరి పక్కన బాయి గుర్తు కూడా ఉంది. చిన్నప్పుడు ఈత కొట్టిన బాయి అని నాయిన చెప్తుండె.

"తాతా, డ్యాము నిండితే నీళ్లు 885 అడుగులకొస్తయి. మీ ఊరు 850 గీతకు కింద ఉంది" అన్నడు మనుమడు.

నాకు నోట మాట రాలే.

ఎండాకాలంలో బయలెల్లిన. హైదరాబాదుకు రైలు, ఆన్నుంచి కొల్లాపూర్ బస్సు, సోమశిల దగ్గర పడవ. నీళ్లు బాగ దిగినప్పుడు సంగమేశ్వరం పాత గుడి కూడా బయటపడతదంట, మంది దానికోసం పోతున్నరు. నేను నక్ష చూపిచ్చి ఇంకో దిక్కు పొమ్మన్న. పడవాయన నన్నొక తీరు చూసిండు.

పగుళ్లిచ్చిన ఒండ్రు, గోడల అడుగు రాళ్లు, ఒక రోలు. బాయి కోసం శానాసేపు తిరిగిన. పూడిపోయి రాతి అంచు ఒక్కటే తేలింది. నక్ష మడిచి జేబుల పెట్టుకొని, ఆ అంచు మీద కూసున్న, పడవాయన "పెద్దాయనా, పొద్దు గూకుతుంది" అని పిలిచేదాక.