ఉమ్మడి నావ

లోకమున నొక విచిత్రము కలదు. ఒకనికి జీవనాధారమును ప్రాణాపాయమును అయిన పని వేఱొకనికి సెలవునాటి వేడుక యగుచుండును. కట్టెలు కొట్టి బ్రదుకువాడు అడవికి పోవలసివచ్చినప్పుడు నిట్టూర్చును. పట్టణవాసి రుసుము చెల్లించి మఱి ఆ యడవికే పోయి సంతోషించును. సముద్రపు వేటయు నట్టిదే. దానిని గూర్చి మాకు గలిగిన యొక యనుభవమును, దానివలన జ్ఞప్తికి వచ్చిన యొక పాత ఋణమును మా చదువరులకు విన్నవింప దలచితిమి.

మేము పుట్టి పెరిగినది భీమునిపట్టణము. ఇప్పటి కాపురము అమెరికా దేశమున టెక్సాసు రాష్ట్రమందలి హ్యూస్టను నగరము. 2023వ సంవత్సరము జూను నెలలో నొక శుక్రవారము సాయంకాలము, కాకినాడవాడగు మా మిత్రుడు వచ్చి, "రేపు తెల్లవారుజామున గాల్వెస్టను రేవునుండి వేటపడవ పోవుచున్నది. మూడు చోట్లు దొరకినవి. మీరును అబ్బాయియు తప్పక రావలెను" అనెను. మా కుమారునికి అప్పటికి పండ్రెండేండ్లు. వాడు గంతు వేసెను. మా యిల్లాలు మాత్రము నవ్వి, "సముద్రపుటొడ్డున పుట్టియు ఒక్కనాడైన పడవ యెక్కనివారు మీరు. ఇచ్చట సొమ్ము పోసి యెక్కెదరా?" అనెను. మాట నవ్వుచు అన్నను నిజమైనది గనుక మేము బదులు చెప్పలేదు.

ఇచ్చటి వేటపడవలు రెండు తెఱగులు. ఆర్గురు యాత్రికులకు మించకుండ ఎక్కించుకొను చిన్న పడవలు మొదటి తెఱగు. వానిని ఒక కుటుంబమువారో స్నేహితులో మొత్తముగా బాడుగకు పుచ్చుకొందురు. రెండవది ఉమ్మడి పడవ. అందు ఎవరి టిక్కెట్టు వారు కొనుక్కొందురు. ప్రక్కన నిలుచువాడెవడో పడవ యెక్కుదాక తెలియదు. తలకింత యని పుచ్చుకొనుటచేత దీనిని తలల పడవ యని యిచ్చటివారు వాడుకగా పిలుతురు. పదునేడేండ్లు నిండిన ప్రతివాడును రాష్ట్ర ప్రభుత్వమువారి వేట అనుమతిపత్రము ముందుగా కొనవలెను. మా మిత్రుడు ఆ రాత్రియే మా యిద్దరికిని దానిని సంపాదించిపెట్టెను.

చీకటితోనే రేవు చేరితిమి. 1900వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీని వచ్చిన తుపానులో ఆఱువేలకు తక్కువ కాని జనులను పోగొట్టుకొన్న ద్వీపమిది. 1977 నవంబరు 19వ తేదీనాటి దివిసీమ యుప్పెనను ఎఱిగిన తెలుగువారికి ఆ మాటకు వేఱు వ్యాఖ్యానము అక్కఱలేదు. పడవలో నలువదిమంది యుండిరి. మెక్సికో దేశపు సోదరులు నలుగురు, నల్లజాతి కుటుంబమొకటి, కళాశాల విద్యార్థులు కొందఱు, మా ప్రక్కన మనుమనితో వచ్చిన వృద్ధుడగు వియత్నామీయుడొకడు. 1975 తరువాత యుద్ధమువలన నిలువ నీడ లేక వచ్చిన వియత్నామీయులు అనేకులు ఈ తీరమున రొయ్యల వేటకు దిగిరి. వారి పడవలను తగులబెట్టి, వారిని బెదరించి తఱుమ జూచిన జాతిద్వేషులను 1981లో హ్యూస్టనులోని ఫెడరలు న్యాయస్థానము కట్టడి చేసెను. ఆ చరిత్ర మాకు పుస్తకములవలన తెలిసినదే. ఆ వృద్ధుని దానిని గూర్చి మేమడుగలేదు. అతడు మాత్రము మా కుమారునికి అల్లపుబిళ్ల యొకటి యిచ్చి, వాంతి రాకుండ నాలుకక్రింద ఉంచుకొమ్మని సైగ చేసెను.

పడవ నడుపువాడు కెప్టెను. మన తీరమున సరంగు అనుచుందుము. అతనిక్రింద కళాసులు ముగ్గురు. వారిలో నొకడు ఇరువదియైదేండ్లవాడు, మాకు గాలపుకఱ్ఱలు అందించుటకై వచ్చెను. అంతకుముందే యతడు ఎఱకై చేపముక్కలు తఱుగుచుండుటచేత చేతులును చొక్కాయును నీచువాసన కొట్టుచుండెను. మా కుమారుడు ముక్కు మూసుకొని, వెనుకకు జరిగి, "నాన్నా! కంపు" అనెను. అన్నది తెలుగులోనే. కళాసికి మాట తెలియదు. కాని ముక్కు మూసుకొనుటకు ఏ భాషలోనైన అర్థమొక్కటే. అతడు చిఱునవ్వు నవ్వి, కఱ్ఱను మా చేతికిచ్చి పోయెను.

మేము కుమారుని మందలింప నోరు తెఱచితిమి. కాని మాట రాలేదు. ఆ కంఠమును మేము పూర్వమెన్నడో వినియుంటిమి. అది మాదే.

భీమునిపట్టణమున మేము ఐదవ తరగతి చదువునాడు మా బల్లమీదనే ఒక జాలరిపిల్లవాడు కూర్చుండెడివాడు. లెక్కలలో మాకంటె దిట్ట. తెల్లవారక మునుపే తండ్రితో తీరమునకు పోయి, వలలాగి, ఆ తడిబట్టలతోనే బడికి వచ్చెడివాడు. ఒకనాడు మేము ముక్కు మూసుకొని, "కంపు" అని లేచి వేఱొక బల్లకు పోయితిమి. తరగతి యంతయు నవ్వెను. పంతులుగారును నవ్విరి. మఱునాటినుండి పిల్లలందఱు వానిని చూచి ముక్కులు మూసుకొనుట యొక యాటయయ్యెను. నెల తిరుగకముందే వాడు బడి మానెను. వాని తల్లి మా పెరటిగుమ్మమునకు చేపలగంప తెచ్చెడిది. మా నాయనమ్మ యామెను గడప దాటనీయక, దాహమడిగినచో దోసిటిలోనికి ఎత్తునుండి నీరు పోసెడిది. ఆమె యొకనాడు మా వైపు చూచి, "బాబూ! మావోడు బడికెల్లనంటన్నాడు. మీరైనా ఓపాలి సెప్పండి" అని యడిగెను. మేము లోపలికి పారిపోయితిమి. ఆ చేపలపులుసు ఆనాడు మేము రెండుమారులు వడ్డించుకొని తింటిమి. ఇదియే మేము చెప్పిన ఋణము.

పడవ నాలుగు గంటలు పోయెను. ఈ తీరమున సముద్రపు నేల మెల్లమెల్లగా వాలుటచేత లోతు కావలెనన్నచో చాల దూరము పోవలెను. దారిపొడుగునను చమురుబావుల ఉక్కుమంచెలు నీటినుండి లేచి కనబడుచుండెను. ఆ స్తంభముల చుట్టును నాచును ఆల్చిప్పలును పట్టి, వానినాశ్రయించి చేపలు చేరును. బావులెండిన పిదప కొన్ని మంచెలను సముద్రమునందే పడద్రోసి చేపలకు నివాసములుగా విడుతురు. అట్టి యొకచోట పడవ నిలిపిరి. లోతు 150 అడుగులు.

ఇచ్చట వెదకునది రెడ్ స్నాపరను ఎఱ్ఱని చేప. ఇది యేబదియేండ్లకు పైబడి బ్రదుకగలదు. 1980వ దశాబ్దము చివరకు మితిమీఱిన వేటవలన దీని సంతతి మిక్కిలి క్షీణించెనని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అది మొదలు కట్టుబాట్లు పెరిగినవి. మేము పోయిననాటి నియమము ప్రకారము ఆ దూరపు జలములలో మనిషికి రెండు చేపలే. అవియు 16 అంగుళములకు తక్కువ కారాదు. గాలముకూడ గుండ్రనిదై యుండవలెను. దాని కొన లోపలికి వంగియుండును గనుక చేప దానిని మ్రింగినను కడుపులో గ్రుచ్చుకొనక జాఱి వచ్చి, పెదవి మూలను పట్టుకొనును. విడిచిపెట్టవలసివచ్చిన చేప బ్రదుకుటకే యీ యేర్పాటు. దీనికి గుంజుట కూడదు. నిదానముగా చుట్టవలెను. మేము పదిమారులు గుంజి పదిమారులు పోగొట్టుకొంటిమి.

ఉమ్మడి పడవలో మఱియొక విద్య నేర్వవలెను. నలువది త్రాళ్లు ప్రక్కప్రక్కనే దిగియుండును. ఒకని చేప అడ్డముగా పరుగెత్తెనా, నాలుగు త్రాళ్లు చిక్కుపడును. అప్పుడు కోపించినవాడు తన చేపను కూడ పోగొట్టుకొనును. ప్రక్కవాని త్రాటిక్రిందుగా మన కఱ్ఱను పోనిచ్చి, వానికి దారి విడిచి, అవసరమైనచో మన త్రాటిని మనమే కోసికొనవలెను. ఎవరు ఏ జాతి, ఏ భాష యని విచారించుటకు అచ్చట తీఱిక లేదు.

మా కుమారునికి మొదటి చేప పడినది. వాని యానందము చెప్పనలవి కాదు. కాని కళాసి కొలకఱ్ఱపై పెట్టి చూడగా 14 అంగుళములే. లోతునుండి ఒక్కపెట్టున పైకి వచ్చుటచేత దాని లోపలి గాలితిత్తి ఉబ్బి, కడుపు నోటివెంట వెలికి వచ్చియుండెను. అట్లే నీట విడిచినచో క్రిందికి దిగలేక తేలి చచ్చును. అందుచేత కళాసి దాని దవడకు బరువుతో కూడిన పట్టుకఱ్ఱ తగిలించి, త్రాటితో లోతునకు దింపి విడిచెను. ఇట్టి సాధనమును పడవలో సిద్ధముగా నుంచుకొనవలెనని 2022లో అమలునకు వచ్చిన చట్టము విధించియుండెను. మా వాడు కండ్లనీరు పెట్టుకొనగా కళాసి, "రెండేండ్లు పోయిన తరువాత రా. అది నీకొఱకు పెరుగుచుండును" అని వాని భుజము తట్టెను. ఈమాఱు వాడు వెనుకకు జరుగలేదు.

మధ్యాహ్నమునకు గాలి లేచెను. కెరటములు పెరిగెను. అల్లపుబిళ్ల యోడిపోయెను. మొదట కుమారుడు, పిమ్మట మేము, పిమ్మట కాకినాడ మిత్రుడు వరుసగా కూలబడితిమి. మేము కడుపులోనిదంతయు పడవ చెక్కలమీదనే పోసికొంటిమి. ఆ కళాసి పరుగున వచ్చి, మా కుమారుని నడుము పట్టి ప్రక్కకు త్రిప్పి, నుదురు తన యఱచేత నానించి నిలిపెను. తరువాత సీసాతో నీరు తెచ్చి మా నోటికందించెను. బకెట్టుతో నీరు తోడి మా వాంతిని తానే కడిగెను. మేము సిగ్గుతో క్షమింపుమంటిమి. అతడు, "దీనికేమి? నా మొదటి యేడు నేను ప్రతిదినము కక్కుకొంటిని" అనెను. ఆ చేతులకు నీచువాసన యుండెను. మా నోటినుండి వచ్చిన దుర్వాసనను అతడు పట్టించుకొనలేదు. అతని ముక్కును మూసుకొనుటకు అతనికి హక్కుండెను. అతడు మూసుకొనలేదు.

కొంత తేఱుకొన్న పిమ్మట, "ఇంటికి నీవెన్ని చేపలు తీసికొనిపోదువు?" అని మా కుమారుడు అతనినడిగెను. అతడు నవ్వి, "ఒక్కటియు లేదు" అనెను. బాడుగ పడవ కెప్టెనుగాని కళాసిగాని ఆ యెఱ్ఱచేపను తన వంతుగా నుంచుకొనరాదని నియమమట. నలువదిమందికి గాలములు కట్టి, చేపలు విప్పి, కోసి శుభ్రము చేసి యిచ్చువానికి ఆ కూర లేదు. యాత్రికులిచ్చు బహుమానమే యతని రాబడిలో ముఖ్యభాగము. టిక్కెట్టులో నూటికి 15 మొదలు 20 వంతువఱకు ఇచ్చుట యాచారము.

సాయంకాలము రేవు చేరితిమి. మా ముగ్గురికిని కలిపి నాలుగు చేపలు. మేము బహుమానపు సొమ్ము తీయగా మా కుమారుడు, "నేనిచ్చెదను" అని పుచ్చుకొని పోయి, అతని చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతోను పట్టుకొని, ఏమో చెప్పి వచ్చెను. ఏమి చెప్పితివని మేమడుగలేదు. కారులో కొంతదూరము పోయిన తరువాత వాడే, "పొద్దున్న నేను చేసింది తప్పు నాన్నా" అనెను. వాడు ఒక్క దినములో తీర్చుకొన్నదానిని మేము ముప్పది యేండ్లకు పైగా మోయుచున్నాము.

మఱుసటియేట భీమునిపట్టణము పోయినప్పుడు ఆ సహాధ్యాయిని గూర్చి విచారించితిమి. ఇల్లు లేదు. తల్లి గతించినది. అతడు బ్రదుకుతెరువుకై గుజరాతు తీరమునకు పోయెనని మాత్రము తెలిసినది. ఉత్తరాంధ్ర తీరపు జాలరులనేకులు ఏటేట వేరావలు మొదలగు రేవులకు కూలికై పోవుదురు. 2018 నవంబరులో అట్లు పోయినవారు కొందఱు పాకిస్తానువారిచే పట్టువడి, 2020 జనవరిలో గాని యిల్లు చేరలేదు. మేము రెండు చేపలకై పోయి వినోదించిన సముద్రమువంటి సముద్రమే వారిని చెఱసాలకు చేర్చినది. మన తూర్పు తీరమున చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు మరపడవల వేట నిషేధింతురు. నిషేధము యుక్తమే. కాని గాల్వెస్టనులో చేపను కాపాడుటకు మా వినోదము కొంచెము తగ్గినది. అచ్చట అదే పనికి ఒకని యింటి పొయ్యి చల్లారుచున్నది. ఈ భేదమును మఱచి నియమములను మెచ్చుకొనుట న్యాయము కాదు.

చదువరులారా! చేప మనకు ప్రియము. చేపను తెచ్చిన చేయి మాత్రము మనకు కంపు. ఈ రెండును ఒక్క యింటిలో ఎట్లు ఇముడునో యాలోచింపుడు. మీ గుమ్మమునకు గంపతో వచ్చినయామెను లోపలికి పిలిచి కూర్చుండబెట్టుడు. మీరు త్రాగు గ్లాసుతోనే నీరిండు. రెండు రూపాయలకై గీచి గీచి బేరము చేయకుడు. ఆమె బిడ్డ యే బడిలో చదువుచున్నాడని యడుగుడు. మానియున్నచో ఏల మానెనో కూడ అడుగుడు. ఆ కారణము మన యింటిలోనే కూర్చుండి అన్నము తినుచుండవచ్చును. మా యింటిలో అట్లే జరిగినది.